ఎలాగూ అక్కడే ఉన్నాం కదా!

నన్ను ముంచిన మాట ఒకటుంది: ‘ఎలాగూ’. వినడానికి ఎంతో పొదుపరి మాటలా ఉంటుంది. ఎలాగూ బజారుకి వెళ్తున్నావు కదా, ఎలాగూ చెయ్యి తడైంది కదా, ఎలాగూ గోడ పగలగొట్టాం కదా.

2008లో మా తెనాలి ఇంటి పెరట్లో కుళాయి కారుతోందని మా నాన్న ప్లంబర్‌ని పిలిచారు. ఎలాగూ వచ్చాడు కదా అని వంటింటి పైపు మార్పించారు. పైపు కోసం ఎలాగూ గోడ తవ్వారు కదా అని సింకు జరిపించారు. సింకు జరిగాక పక్కనున్న గట్టు వెలవెలబోయింది. గట్టు మారిస్తే గచ్చు ఊరుకోలేదు. రెండు నెలలు మేం వరండాలో వండుకు తిన్నాం. అంతా అయ్యాక చూస్తే పెరట్లో కుళాయి కారుతూనే ఉంది.

నేనప్పుడు ఇంజినీరింగ్ మూడో ఏడు. నాన్నని చూసి పగలబడి నవ్వాను. ఆ నవ్వుకి వడ్డీతో సహా కట్టాల్సిన రోజు ఎనిమిదేళ్ల తర్వాత వచ్చింది.

2016 నాటికి హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. కోల్డ్ స్టోరేజీల్లో చలి సరిగ్గా ఉందో లేదో కనిపెట్టుకుని ఉండే పెట్టెలు తయారుచేసేవాళ్లం. ఎక్కువగా గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలకి వెళ్లేవి. పంట చేతికొచ్చిన రోజుల్లో యార్డులో ధర నచ్చని రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి అక్కడ పెట్టుకుంటాడు. బయట ఎండ నలభై దాటినా లోపల పది లోపే ఉండాలి. చలి తప్పితే కాయ రంగు పోతుంది, రంగు పోతే ధర పోతుంది.

మా పెట్టెలో చిన్న ఏఆర్ఎం బోర్డు, దాని మీద లినక్స్, ఒక తెర, ఎస్సెమ్మెస్ పంపే మోడెమ్ ఉండేవి. గదిలో పన్నెండు చోట్ల డీఎస్18బీ20 అనే సెన్సర్లు. కందిగింజంత నల్లటి ముక్క, మూడు కాళ్లు, పైన స్టీలు గొట్టం తొడుగు. పన్నెండూ ఒకే తీగ మీద వేలాడతాయి. వేడి ఎంతో చూడమంటే ఆ సెన్సర్ పూర్తి వివరంతో చూడటానికి 750 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. దానికి లినక్స్ కెర్నల్‌లో అప్పటికే ఒక డ్రైవర్, అంటే దానితో మాట్లాడే కోడ్, ఉంది. కానీ అది ఒక్కోదాన్నీ విడిగా అడిగేది: నువ్వు చూడు, నేనాగుతాను, ఇప్పుడు చెప్పు. పన్నెండింటికి తొమ్మిది సెకన్లు. అందరికీ కలిపి ఒకేసారి ‘చూడండి’ అనే ఆదేశం ఆ సెన్సర్‌కి పుట్టుకతోనే ఉంది. ఒక్క కేక వేసి, ముప్పావు సెకను ఆగి, వరసగా పన్నెండింటి దగ్గరా జవాబు తీసుకుంటే సరి. టీచరు ఒక్కో పిల్లాడి పక్కన నిలబడి లెక్క చేయించడానికీ, బోర్డు మీద లెక్క రాసి అందరి పలకలూ చూడటానికీ ఉన్న తేడా అంతే.

ఆ మార్పు చెయ్యమని నాకు అప్పగించారు. నాకొచ్చిన పని అదొక్కటే. దయచేసి గుర్తుంచుకోండి, ఎందుకంటే నేను గుర్తుంచుకోలేదు.

కెర్నల్ అంటే తెలియనివాళ్లకి రెండు మాటలు. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తులో మిక్సీ కాలిపోతే ఆ ఇంట్లో పచ్చడి ఆగుతుంది. కింద మెయిన్ ప్యానెల్‌లో తీగ కాలితే లిఫ్టు, నీళ్ల మోటారు, అందరి ఫ్యాన్లూ ఆగుతాయి. కంప్యూటర్‌లో మనం వాడే ప్రోగ్రాములన్నీ ఫ్లాట్లు. మెమరీ, డిస్కు, పరికరాలు, ఎవరి వంతు ఎప్పుడన్న లెక్క, అన్నీ చూసే కెర్నల్ మెయిన్ ప్యానెల్. ప్రోగ్రామ్ చస్తే మళ్లీ లేపొచ్చు. కెర్నల్‌కి ఏదైనా అయితే లేపేవాడు ఉండడు. ఆ ప్యానెల్‌లో మిక్సీ బిగించినవాణ్ణి నేను.

మొదటి మూడు వారాల్లో బుద్ధిగానే ఉన్నాను. నూట నలభై వరుసల మార్పు. తొమ్మిది సెకన్ల పని సెకనులోపు వచ్చింది. మా సీనియర్ ఒకావిడ ఉండేవారు. ఆఫీసులో అందరూ మేడం అనే పిలిచేవాళ్లం. కోడ్ రివ్యూ అంటే ఆవిడ బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చోవడమే. టీ తాగుతూ మొత్తం చదివారు. ఒకచోట చుక్క పెట్టించారు, ఒకచోట పేరు మార్పించారు.

“బాగుంది. ఇక ఆపెయ్,” అన్నారు.

ఆ ‘ఆపెయ్’ నాకు గుచ్చుకుంది. నూట నలభై వరుసలకే ఆపితే నేను కెర్నల్ రాసేవాణ్ణని ఎవరికి తెలుస్తుంది? ఇక్కడే నా అసలు జబ్బు ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో పెళ్లిళ్లలో ఎవరైనా ‘ఏం చేస్తున్నావు బాబూ’ అంటే ‘కెర్నల్ లెవెల్లో పనిచేస్తున్నానండీ’ అనేవాణ్ణి. వాళ్లకి అర్థం కాదు, నాకు కావాల్సిందీ అదే. పైథాన్‌లో నలభై వరుసల్లో తేలిపోయే పనిని కెర్నల్‌లో నాలుగు వందల వరుసల్లో చేయడం నా దృష్టిలో ప్రతిభ.

మొదటి ‘ఎలాగూ’ సగటుతో వచ్చింది. పన్నెండు అంకెలూ ఎలాగూ నా చేతిలోకే వస్తున్నాయి కదా, సగటు కూడా నేనే తీసి ఇస్తే పోలా? ఫ్లోట్ అని రాసి పారేశాను. బోర్డు నా కోడ్‌ని ఎక్కించుకోనంది. కెర్నల్ లోపల దశాంశాల లెక్కలు మామూలుగా చెయ్యరు. అందుకే లినక్స్‌లో ఉష్ణోగ్రతలు మిల్లీ డిగ్రీల్లో ఉంటాయి: ఆరుంపావు డిగ్రీలంటే 6250. తలుపు దగ్గరే కాపలావాడు ‘ఈ సామాను లోపలికి రాదు బాబూ’ అంటున్నాడు. నేను సామాను విప్పి ముక్కలు చేసి కిటికీలోంచి ఎక్కించాను.

రెండోది ఎనభై అయిదు. ఈ సెన్సర్‌కి కరెంటు వచ్చిన వెంటనే, ఇంకా ఏమీ చూడకముందే అడిగితే 85 డిగ్రీలని చెబుతుంది. ‘నేనిప్పుడే లేచాను’ అని దాని భాషలో అర్థం. తీగ వదులైనచోట కరెంటు పోయి వస్తూ ఉంటే ఈ అంకె మాటిమాటికీ కనిపిస్తుంది. చలి గదిలో ఎనభై అయిదేమిటి, చూసినవాళ్లు నవ్వుతారు అనుకున్నాను. 85 వస్తే దాన్ని మింగేసి పాత విలువే మళ్లీ చూపించమని రాశాను. జ్వరం వచ్చిందని చెబుతున్న థర్మామీటర్‌ని తుడిచి డబ్బాలో పెట్టడం లాంటిది ఇది. పైగా ఆ పనికి ‘స్మార్ట్ ఫిల్టర్’ అని పేరు పెట్టుకున్నాను.

మూడోది పంటల పట్టిక. మిర్చికి ఒక హద్దు, చింతపండుకి ఒకటి, పసుపుకి ఒకటి. గీత దాటితే హెచ్చరిక. ఈ అంకెలన్నీ కెర్నల్ కోడ్‌లోనే రాశాను. భూగోళం మీద చింతపండు సంగతి తెలిసిన కెర్నల్ మాదొక్కటే అయ్యుంటుంది. ఆ తర్వాత ఎలాగూ హెచ్చరిక ఇస్తున్నాం కదా అని లాగ్ ఫైలు, ఎలాగూ లాగ్ రాస్తున్నాం కదా అని ఎస్సెమ్మెస్. అవును, మోడెమ్‌తో కెర్నల్ లోంచే మాట్లాడించాను. గోచీ కొరికే ఎలుక కోసం పిల్లి, పిల్లి పాల కోసం ఆవు, ఆవుని చూసుకోవడానికి పెళ్లి. మన సన్యాసి కథ నాకు చిన్నప్పుడే తెలుసు. తెలిసినంత మాత్రాన సన్యాసి మారాడా?

నాలుగు నెలల తర్వాత రెండువేల మూడు వందల వరుసలు పట్టుకుని మళ్లీ ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. మేడం సగం చదివి గ్లాసు కింద పెట్టారు.

“ఇవన్నీ కెర్నల్‌లోనే ఎందుకుండాలి?”

నేను సిద్ధపడే వచ్చాను. వాదనకి చరిత్ర అంతా చంకలో పెట్టుకొచ్చాను. “లినక్స్ 2.4లో ఏకంగా వెబ్ సర్వరే కెర్నల్ లోపల ఉండేదండీ,” అన్నాను. 2001లో వచ్చిన ఆ వెర్షన్‌లో కేహెచ్‌టీటీపీడీ అని నిజంగానే ఒకటుంది. మామూలు పేజీల్ని త్వరగా అందించడానికి పెట్టారు.

“తర్వాత 2.6లో అదెక్కడుంది?”

లేదు. తీసేశారు. బయట ఉన్న సర్వర్లే బాగా వేగం పుంజుకున్నాయి.

“సరే, మైక్రోసాఫ్ట్‌వాళ్లు?” అన్నాను. విండోస్ ఎన్‌టీ 4.0లో, 1996లో, వేగం కోసం కిటికీల, బొమ్మల వ్యవహారమంతా కెర్నల్‌లోకి మార్చారు. వాళ్లకంటే మనకెక్కువ తెలుసా?

“మార్చారు. దాంతోపాటు అక్షరాల ఫాంట్లు చదివే కోడ్ కూడా లోపలికి వచ్చింది. 2011లో డ్యూక్యూ అనే వైరస్ ఎక్కడినుంచి దూరిందో తెలుసా? వర్డ్ ఫైల్లో పెట్టిన ఒక ఫాంటు లోంచి. అక్షరం వంపు చదివేవాడికి ఇంటి మొత్తం తాళాలు ఎందుకిచ్చినట్టు? విండోస్ 10కి వచ్చేసరికి ఆ ఫాంట్ల పని మళ్లీ బయటికి పంపారు. లోపలికి తేవడానికి ఒక్క వెర్షన్ పట్టింది. బయటికి పంపడానికి ఇరవై ఏళ్లు.”

నా దగ్గర చివరి అస్త్రం ఒకటి మిగిలింది. అది నిజంగా మంచిదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆండ్రూ టానెన్‌బామ్ 1987లో మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. విద్యార్థులు ఒక సెమిస్టర్‌లో చదివి అర్థం చేసుకోగలిగేంత చిన్నదిగా ఉండాలని పట్టుబట్టాడు. అది కావాలి, ఇది కావాలి అని వాడేవాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఆయన వద్దంటూనే ఉన్నాడు. ఆ మినిక్స్ వాడుతున్న కుర్రాళ్లలో ఒకడు లినస్ టోర్వాల్డ్స్. 1991లో సరదాకి సొంత కెర్నల్ మొదలుపెట్టాడు, సుమారు పదివేల వరుసలతో. అదే లినక్స్. మరుసటి జనవరిలో టానెన్‌బామ్, అన్నీ ఒకే కెర్నల్‌లో పెట్టే ఆ పద్ధతికి కాలం చెల్లిపోయిందని వాదించాడు, ఇద్దరికీ పెద్ద చర్చే జరిగింది. “ఇవాళ మన పెట్టెలో ఉన్నది ఎవరిదండీ? వద్దన్నవాడిదా, ఎక్కించుకుంటూ పోయినవాడిదా?” అన్నాను. గెలిచాననుకున్నాను కూడా.

మేడం వెంటనే జవాబు చెప్పలేదు. చల్లారిన టీ ఒక గుక్క తాగారు.

“అది ఒప్పుకుంటాను. వద్దనడానికీ ఖరీదుంటుంది. టానెన్‌బామ్ ఆ ఖరీదు కట్టాడు. కానీ వాళ్లు అడిగినవాటిలో చాలా పనులు కెర్నల్ తప్ప ఇంకెవరూ చేయలేనివి. డిస్కుని మెమరీలా వాడుకోవడం బయటి ప్రోగ్రామ్ వల్ల అవుతుందా? లినక్స్‌లో ఇన్ని కోట్ల వరుసలు ఉన్నాయంటావు, వాటిలో సగానికి పైగా డ్రైవర్లే. ఏ డ్రైవర్ దాని గదిలో అది ఉంటుంది. నీ ఎస్సెమ్మెస్‌కి వేరే ఇల్లు లేదా?”

“ఉంది... కానీ ఎలాగూ అన్ని విలువలూ అక్కడే ఉన్నాయి కదా మేడం.”

“ఎలాగూ అన్నావంటే కారణం లేదని అర్థం. కారణం ఉంటే కారణమే చెప్పేవాడివి.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు బుద్ధిమంతుడు ఊరుకుంటాడు. నేను మా యజమాని గదికి వెళ్లి డెమో చూపించాను. సెన్సర్‌ని గుప్పిట్లో పట్టుకుంటే ఆయన ఫోన్ మోగింది: ‘మిర్చి గది వేడెక్కుతోంది’. ఆయన మురిసిపోయారు. ఇంత పని లోపల ఎక్కడ జరుగుతోందో ఆయనకి అక్కర్లేదు, ఆ సంగతి నాకూ తెలుసు, అందుకే మేడం దగ్గరికి కాక ఆయన దగ్గరికి వెళ్లాను. సీజన్ నెత్తిమీదికి వచ్చింది. పెట్టెలు గుంటూరు బయల్దేరాయి.

బయల్దేరే ముందు ఆఖరి ‘ఎలాగూ’ ఒకటి ఉంది. పెట్టెలో వాచ్‌డాగ్ అని ఒక చిన్న గడియారం ఉంటుంది. పైనున్న ప్రోగ్రామ్ కొన్ని సెకన్లకోసారి దాన్ని తట్టాలి. తట్టడం మానితే ఏదో బిగుసుకుపోయిందని లెక్క, అది బోర్డుని మొదటినుంచీ లేపుతుంది. ఎలాగూ నా కెర్నల్ టైమర్ నడుస్తూనే ఉంటుంది కదా, ఆ తట్టేదేదో అక్కడే తట్టేద్దాం అని ఆ పనీ లోపలికి తెచ్చాను. ఊపిరి ఆడుతోందో లేదో చూడమని నర్సుని పెడితే, నర్సుని తప్పించి ‘బానే ఉన్నాడు, బానే ఉన్నాడు’ అని రికార్డు పెట్టించానన్నమాట.

ఏప్రిల్‌లో ఒక రోజు పొద్దున్నే ఆరింటికి ఫోన్. గుంటూరు కోల్డ్ స్టోరేజీ మెషీన్ ఆపరేటరు. అరవై దాటిన మనిషి, నేను బాబాయ్ అనేవాణ్ణి.

“సార్, మీ డబ్బా రాత్రంతా ఒకటే మాట చెబుతోందండీ.”

“ఏం మాట బాబాయ్?”

“ఆరు పాయింట్ రెండు. పదింటికీ అదే, రెండింటికీ అదే. ఆడ టిక్కీలు దించేదానికి తలుపు గంటసేపు తీసి పెట్టినా అదే.”

మధ్యాహ్నానికి అక్కడికి చేరాను. ముందు ఆయన రిజిస్టరు చూపించాడు. కార్బన్ మరకలున్న పొడుగు పుస్తకం. గంటకో గీత, గీతకి రెండు గళ్లు. ఒక గడిలో మా డబ్బా చెప్పిన అంకె, పక్క గడిలో తలుపు పక్కన మేకుకి వేలాడే పాత గాజు థర్మామీటర్ అంకె. రాత్రి పది: 6.2, 6. పదకొండు: 6.2, 7. పన్నెండు: 6.2, 8. ఒంటిగంట: 6.2, 9. అక్కడ ఎర్ర పెన్నుతో ‘రెండో కంప్రెసర్ వేసినాను’ అని రాసుంది. రెండింటికి మళ్లీ 8. మా గడిలో మాత్రం తెల్లవార్లూ 6.2.

“మా డబ్బా మీద నమ్మకం లేదా బాబాయ్, రెండూ రాస్తున్నావు?” అన్నాను, ఏమనాలో తెలియక.

“నమ్మకం లేక కాదు సార్. అలవాటు.”

ఆ రోజు వేలాది టిక్కీల రంగు నిలిపింది ఆ అలవాటు. నా రెండువేల మూడు వందల వరుసలు కాదు.

ఛాంబర్ బయట మెట్ల మీద కూర్చుని లాప్‌టాప్ పెట్టెకి తగిలించాను. మిర్చి ఘాటుకి తుమ్ముల మీద తుమ్ములు. హమాలీలు టిక్కీలు భుజాన వేసుకుని నా పక్కనుంచి పోతూ నవ్వుకుంటున్నారు. తెరమీద కెర్నల్ రాత్రి రాసిన మాటలు కనిపించాయి: ఫలానా పని 120 సెకన్లకి మించి ఆగిపోయి ఉంది. అదే మాట పదిసార్లు. ఆ తర్వాత ఏమీ లేదు. మామూలుగా ఈ హెచ్చరిక పదిసార్లకే పరిమితం. వినేవాడు లేడని కెర్నల్ కూడా నోరు మూసుకుంది.

జరిగింది ఇది. పన్నెండు సెన్సర్లకీ తీగ ఒకటే కాబట్టి ఒకసారి ఒకరే మాట్లాడాలి. దానికో తాళంచెవి పెట్టాను, చెవి ఎవరి దగ్గరుంటే వాళ్లదే వంతు. తలుపు తీసి ఉండటంతో వాకిట్లో ఉన్న సెన్సర్ హద్దు దాటింది. నా కోడ్ తాళంచెవి జేబులో ఉండగానే ఎస్సెమ్మెస్ పంపడానికి వెళ్లింది. ఆ మందపాటి గోడల మధ్య మోడెమ్‌కి సిగ్నల్ లేదు. మోడెమ్ బదులు పలకలేదు. ఎంతసేపు ఆగి వెనక్కి రావాలో నేను రాయలేదు. ఇంటి తాళాలు జేబులో వేసుకుని సిగ్నల్ కోసం మేడెక్కినవాడు దిగి రాలేదు, ఇంట్లోవాళ్లు వరండాలో నిలబడిపోయారు.

తెరమీద అంకె చూపించే ప్రోగ్రామ్ కొత్త విలువ అడిగి అక్కడే రాయైపోయింది. చంపుదామని కిల్ మైనస్ 9 కొట్టాను. అది కొడితే ఎంత మొండి ప్రోగ్రామైనా పోవాలి. పోలేదు. కెర్నల్ లోపల అలా ఆగిపోయిన పనిని బయటివాళ్లు చంపలేరు. ఇంత జరుగుతుంటే వాచ్‌డాగ్ ఏం చేస్తోంది? దాన్ని నా టైమర్ రాత్రంతా జోకొడుతోంది. బానే ఉన్నాడు, బానే ఉన్నాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. మూడో నంబరు సెన్సర్ తీగ ఎప్పుడో ఊడిపోవచ్చింది. వారాల తరబడి మాటిమాటికీ 85 చెబుతూ మొర పెట్టుకుంటోంది. నా స్మార్ట్ ఫిల్టర్ ఆ మొర బయటికి రానివ్వలేదు.

పెట్టె చచ్చి తెర నల్లబడితే ఎవడైనా చూస్తాడు. చచ్చి కూడా 6.2 అంటూ నవ్వుతూ కూర్చునే పెట్టెని తయారుచేశాను నేను.

తిరిగొచ్చి మేడం బల్ల దగ్గర నిలబడ్డాను. ఈసారి కుర్చీ వేసుకోలేదు. ఆవిడ ‘నేను చెప్పలేదూ’ అనలేదు. అని ఉంటే కాస్త తేలికయ్యేది. “ఏది బయటికి పోగలదో జాబితా రాసుకో,” అన్నారు. రాయడానికి పది నిమిషాలు పట్టింది. మొదటి నూట నలభై వరుసలు తప్ప మిగతావన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

పంటల హద్దులు ఒక మామూలు ఫైల్లోకి పోయాయి. చింతపండు సంగతి కెర్నల్ మరిచిపోయింది. వాచ్‌డాగ్‌ని తట్టే పని మళ్లీ బయటి ప్రోగ్రామ్‌కి ఇచ్చాం, అదీ కొత్త అంకె తెర మీదికి వస్తేనే తట్టాలన్న షరతుతో. 85 వస్తే 85 అనే చూపిస్తాం, పక్కన ‘తీగ చూడండి’ అని. ఎస్సెమ్మెస్ నలభై వరుసల పైథాన్ అయింది. ఆ పైథాన్ కూడా సిగ్నల్ లేక మూడుసార్లు బిగుసుకుపోయింది. మూడుసార్లూ దాన్ని ఆపి ముప్పై సెకన్లలో మళ్లీ లేపారు. ఎవరు లేపారు? కెర్నల్ మీద ఆధారపడి పనిచేసే మామూలు కాపలా ప్రోగ్రామ్ ఒకటి. మిగతా పెట్టెకి ఆ సంగతే తెలియదు. నాలుగో అంతస్తులో మిక్సీ ఆగింది, లిఫ్టు నడుస్తూనే ఉంది.

ఒక్కటి మాత్రం బయటికి పంపలేకపోయాను. కెర్నల్ తన సంగతులు బయటికి చెప్పే ఫైళ్లలో, ఫైలుకి ఒక్క విలువే ఉండాలని లినక్స్‌లో నియమం. నేను ఒక ఫైల్లోనే అయిదు సంగతులు ఒకే వరుసలో కుక్కాను. పైగా అందులో థ్రెషోల్డ్ అనే ఇంగ్లీషు మాటలో హెచ్ అక్షరం ఒకటి ఎక్కువ పడింది. అప్పటికే కొన్నిచోట్ల ఆ వరుసని చదువుకుని తమ కంప్యూటర్లలో లెక్కలు వేసుకోవడం మొదలెట్టారు. ఆ తప్పు అక్షరం కోసమే వాళ్ల ప్రోగ్రాములు వెతుకుతున్నాయి. దిద్దితే వాళ్లవి ఆగిపోతాయి. కెర్నల్ మారినందువల్ల బయటి ప్రోగ్రామ్ చెడకూడదన్నది టోర్వాల్డ్స్ అందరికంటే గట్టిగా పట్టుకునే సూత్రం. యూనిక్స్ మొదలుపెట్టిన కెన్ థామ్సన్ ఫైలు సృష్టించే ఆదేశానికి క్రియేట్ అని పెడుతూ ఆఖరి ఇ రాయలేదు. మళ్లీ రాయాల్సివస్తే ఏం మారుస్తారంటే ఆ ఇ పెడతానన్నాడట. అర్ధశతాబ్దం దాటినా ఆ ఆదేశం అలాగే ఉంది. ఆయనకో ఇ తక్కువైంది, నాకో హెచ్ ఎక్కువైంది. మహానుభావుడితో నాకున్న పోలిక అదొక్కటే.

ఆ పని మీద మరో ఏడాది కూర్చున్నాను. చేర్చడానికి నాలుగు నెలలు, తీయడానికి ఏడాది. ఆ ఏడాదిలో నాకొచ్చిన పేరు, ‘ఎలాగూ గారు’. ఇప్పటికీ పాత స్నేహితుల గుంపులో నా పేరు అదే.

ఇక అసలు దెబ్బ 2020లో తగిలింది. లాక్‌డౌన్‌లో తెనాలి ఇంట్లో కూర్చుని పని చేసుకుంటున్నాను. లినక్స్ కొత్త వెర్షన్ 5.8లో ఏమేం వచ్చాయో చదువుతుంటే ఆ పాత సెన్సర్ డ్రైవర్ పేరు కనిపించింది. ఎవరో వరసగా కొన్ని ప్యాచ్‌లు, అంటే కోడ్‌కి చిన్న చిన్న మార్పులు, పంపారు. ఒక్కో పనికి ఒక్కో ప్యాచ్, దేనికది విడిగా చదివి ఒప్పుకోవచ్చు, వద్దనుకుంటే విడిగా తీసేయొచ్చు. వాటిలో ఒకటి, తీగ మీదున్న సెన్సర్లన్నింటికీ ఒకేసారి ‘చూడండి’ అని కేక వేసేది.

2016లో నేను రాసి, మేడం బాగుందన్న ఆ నూట నలభై వరుసల పని. ఆ రోజు అక్కడితో ఆగి అదే పంపి ఉంటే, ఆ డ్రైవర్ వాడే ప్రతివాడి దగ్గరా నా ముక్క ఉండేది. రెండువేల మూడు వందల వరుసల్లో దాన్ని పూడ్చిపెట్టాను, ఎవరికీ పనికిరాకుండా. ప్రపంచం నా కోసం ఆగలేదు, నాలుగేళ్లు ఆలస్యంగానైనా ఇంకొకరితో చేయించుకుంది.

నా పొగరు మీద ఆఖరి మేకు కూడా అక్కడే పడింది. ఆ వరసలో హెచ్చరిక హద్దులకీ ఒక ప్యాచ్ ఉంది! చూశావా, నేనన్నదే కదా అని ఒక్క క్షణం ఎగిరాను. చదివితే తెలిసింది. ఆ సెన్సర్ లోపలే పై హద్దు, కింది హద్దు దాచుకునే చోటుంది. ఆ చోట్లో అంకె పెట్టడానికీ తీయడానికీ దారి ఇచ్చారు, అంతే. ఏ అంకె పెట్టాలి, దాటితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, గదిలో ఉన్నది మిర్చా చింతపండా అన్నది వాళ్లు ముట్టుకోలేదు. చేర్చడం తప్పు కాదు, వాళ్లూ చేర్చారు. పరికరం దగ్గర తప్ప ఇంకెక్కడా జరగని పని ఏదో అది మాత్రమే లోపల పెట్టారు. నేను నాకు చేతికి దగ్గరగా ఉన్నదల్లా పెట్టాను.

ఆ రోజు సాయంత్రం పెరట్లోకి వెళ్లాను. కుళాయి కారుతోంది. ఈ పన్నెండేళ్లలో ముగ్గురు ప్లంబర్లు వచ్చి ఇంట్లో మిగతావన్నీ బాగుచేసి వెళ్లారు. పానా తెచ్చి, కింద వాల్వు కట్టేసి, కుళాయి తల విప్పాను. లోపల వాషర్ అరిగి నల్లటి అటుకులా ఉంది. కొత్తది వేసి బిగించాను. పది నిమిషాలు. చుక్క ఆగింది.

నాన్న అరుగు మీద కూర్చుని అంతా చూస్తున్నారు.

“ఒరేయ్, ఎలాగూ పానా చేతిలో ఉంది కదా, ఆ తొట్టి దగ్గర కుళాయి కూడా కాస్త...”

పానా గట్టు మీద పెట్టేశాను.

“అది వేరే ప్యాచ్ నాన్నా.”

ఆయనకి అర్థం కాలేదు. తొట్టి దగ్గర కుళాయి ఇప్పటికీ కారుతోంది, అది కూడా ఒప్పుకుంటున్నాను. వద్దనడానికీ ఖరీదుంటుందని మేడం ముందే చెప్పారు.